కూటి లెక్కకు లొంగని విశ్వాసము

కుక్కను మెచ్చుకొనుటయందు మనవారు చూపు పిసినారితనము మరే ప్రాణిని మెచ్చుకొనుటయందును చూపరు. విశ్వాసమునకు మారుపేరని ముందు దానిని ఆకాశమున కెత్తుదురు. ఆ మాట నోటినుండి పూర్తిగా వెలువడకమునుపే, ఎంత విశ్వాసమైనను పిడికెడు కూటికొరకే గదా యని మరల నేలకు దించుదురు. ఇటీవల హోసూరులో ఒక టీ అంగడియొద్ద, లోకము చూచిన పెద్దమనిషి యొకరు, తన కాళ్ళకడ పడియున్న వీధికుక్కకు బిస్కత్తు తుంచి వేయుచునే, "దానికి మనిషితో ఏం పనప్పా? దానికి తెలిసింది సట్టి ఒక్కటే. సట్టిలో ఎవరు పోస్తే వాళ్ళే దానికి దేవుడు" అని తీర్పు చెప్పగా, చుట్టును నిలిచియున్న నలుగురును తల లూచిరి. నేనును ఆ క్షణమున నోరు మెదపలేదు. చేతిలోని టీ చల్లారుచుండెను. కాని ఆ తీర్పు ఇంటికి వచ్చినపిదపకూడ నన్ను విడువలేదు. ఏలయన అది ఆ పెద్దమనిషి యొక్కని మాట కాదు. చదివినవారు దానికి శాస్త్రము పేరు తగిలింతురు, చదువనివారు సామెత తగిలింతురు. ఇరువురును చెప్పునది యొక్కటే: కుక్క యజమానుని ప్రేమింపదు, యజమానుని చేతనున్న అన్నమును ప్రేమించును. అన్నము చేయి మారిననాడు విశ్వాసమును చేయి మారును. ఈ మాట ఎంత సర్వసమ్మతమో అంత తప్పు.

ముందుగా ఈ వాదము పుట్టిన చోటు ఏదియో చూడవలసియున్నది. "ఉప్పు తిన్న విశ్వాసము" అనునది మన భాషలో పాతుకొనిపోయిన మాట. దీనిని కుక్కలు కనిపెట్టలేదు. పాళెగాండ్ర కోటవాకిళ్ళలో కత్తి పట్టి నిలిచిన బంట్లకును, వారికి జీతబత్తెములు కొలిచిన దొరలకును నడుమ కుదిరిన ఒడంబడిక యది. పన్నెండు దుర్గముల పేర బారామహలని పిలువబడిన మన కృష్ణగిరి సీమకు ఆ ఒడంబడిక కొత్తది కాదు: నిన్నటివరకు మైసూరువారి ఉప్పు, 1792లో శ్రీరంగపట్టణపు సంధి జరిగినపిదప కుంపిణీవారి ఉప్పు, కొండ అదే, కోట అదే, ఉప్పు మారినది, ఉప్పుతోపాటు విశ్వాసమును మారినది. ఇందుకు నేను ఆ బంట్లను నిందించుట లేదు. ఆలుబిడ్డలుగలవారు, బ్రదుకవలెను గదా. కాని ఇట్లు జీతమునకు కట్టుబడి బ్రదికిన మనుష్యుడు తన బ్రదుకులోని సూత్రమునే కొనిపోయి కుక్క మెడకు తగిలించి, "చూచితిరా, ఇదియు నావంటిదే" యని సంతోషించుట మాత్రము నాకు సహ్యము కాదు. తనకు తెలిసిన కొలపాత్ర యొక్కటే యైనవాడు సముద్రమునుగూడ దానితోనే కొలువబోవును.

ఇక సాక్ష్యములకు వత్తము. దూరము పోనక్కరలేదు. కృష్ణగిరినుండి ఊత్తంగరై మీదుగా తిరువణ్ణామలైకి పోవు దారిలో చెంగము అను ఊరు కలదు. ఆ చుట్టుపట్ల పల్లెలలో, పసులమందల కొరకు జరిగిన పోరులలో మడిసినవారి జ్ఞాపకార్థము పల్లవులనాడు ఎత్తించిన వీరశిలలు అనేకములున్నవి. తమిళులు వీటిని నడుకల్లు అందురు. తమిళనాడు పురావస్తుశాఖవారు 1972లో నాగస్వామిగారి సంపాదకత్వమున వీటి శాసనములను పుస్తకముగా వెలువరించిరి. వానిలో ఎడుత్తనూరు శిల యొకటి. మహేంద్రవర్మ పల్లవుని 34వ పాలనావత్సరమున, అనగా సుమారు 7వ శతాబ్ది తొలినాళ్ళలో, నిలిపినది. కరుందేవకత్తి యను భటుడు తన ఎనుముల పట్టున జరిగిన పోరులో కూలినాడు. శిలమీద అతని రూపు చెక్కిరి, అతని చెంతనే యొక కుక్క రూపు చెక్కిరి. వీరుని వృత్తాంతము ముగిసినపిదప, లేఖకుడు ఉలి దించక వేరొక వాక్యము చేర్చినాడు: కోవివన్ అను పేరుగల ఆ కుక్క ఇద్దరు దొంగలను కరచి, అచ్చటనే కాచియుండెనని దాని తాత్పర్యము.

ఆ వాక్యమును నిదానముగా చదువుడు. అందలి క్రియలు రెండే. ఒకటి కరచుట, రెండవది కాచుట. తినుట యను క్రియ అందు లేదు. ఎనుములు కాచుకొని బ్రదికిన పల్లెవారు, రాయి తెప్పించి, శిల్పికి కూలి యిచ్చి చెక్కించు తావున, ఒక కుక్కకు పేరు వ్రాయించిరనగా, ఆ కుక్కను గూర్చి వారికి తెలిసినది టీ అంగడి తీర్పుకంటె కొంచెము ఎక్కువయే యైయుండవలెను. పదునాలుగు వందల యేండ్లలో ఆ సీమనేలిన ఎందరి నాయకుల పేరులు మట్టిలో కలిసినవో! కోవివన్ పేరు నిలిచినది. పైగా, యజమానుడు కూలినాడు; ఇక ఆ చేయి సట్టిలో ఏమియు పోయదు. పోయని చేతికి కావలియుండుట ఏ కూటి లెక్కలోనిదో నాతో వాదించువారే చెప్పవలెను. (నేడు కుక్క ఒకరిని కరచినచో మునిసిపాలిటీకి అర్జీ పెట్టుదుము, ఆనాడు శాసనము వ్రాయించిరి. రేబిస్ భయము నాకును కలదు. పిచ్చికుక్కల బెడద వేరొక ప్రశ్న, దానిని తెచ్చి దీనితో ముడివేయువారికి ఇచ్చట సమాధానము చెప్పను.)

"అవి పాతకాలపు నమ్మకములు, మేము శాస్త్రము చదివినవారము" అని కొందరు పెదవి విరుతురు. శాస్త్రమనగానే వారి నోట ముందు వచ్చు పేరు పావ్లోవు. అన్నము తెచ్చు మనిషి అడుగుల చప్పుడు వినినంతనే కుక్క నోట లాలాజల మూరుటను ఆ రష్యా పండితుడు బొట్టు బొట్టుగా లెక్కించినాడు, నిజమే. జీర్ణక్రియను గూర్చిన పరిశోధనమునకు 1904లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది, అదియు నిజమే. కాని జీర్ణక్రియను పరీక్షించినవాడు చెప్పినదానిని స్నేహమునకు అన్వయించుట ఆయన తప్పా, మన తప్పా? పెండ్లివిందులో పులిహోర వాసనకు మన నోరును ఊరును. అంతమాత్రమున పెండ్లికొడుకు మేనమామ పులిహోర కొరకే వచ్చినాడని యనుదుమా?

ఆ పాతశాస్త్రము వచ్చిన త్రోవను శాస్త్రమే పాడుచేసినది. 1958లో అమెరికాలో హార్లో యను మనస్తత్త్వవేత్త కోతిపిల్లలను తల్లులనుండి వేరుచేసి, పాలసీసా కట్టిన ఇనుపతీగల బొమ్మ నొకదానిని, పాలులేని మెత్తని గుడ్డబొమ్మ నొకదానిని వాని యెదుట నిలిపెను. పిల్లలు ఆకలియైనపుడు పోయి తీగబొమ్మకడ పాలు త్రాగి వచ్చి, తక్కిన పొద్దంతయు గుడ్డబొమ్మను కరచుకొని యుండెను. ఆ పరీక్షలోని క్రూరత్వము నాకు రుచింపదు. ఐనను పాలిచ్చినచోటు వేరు, ప్రాణము పెట్టుకొన్నచోటు వేరు అని అది చూపినది. ఇక కుక్కనే నేరుగా అడిగిన పరీక్షలు కలవు. అట్లాంటాలోని ఎమొరీ విశ్వవిద్యాలయమున గ్రెగరీ బెర్న్స్ అను పండితుడును ఆయన సహచరులును, మెదడును చిత్రించు ఎమ్మారై యంత్రములో కదలక పండుకొనుటకు కుక్కలకు శిక్షణ యిచ్చి, తిండి రానున్నదని తెలిసినపుడును, యజమానుని మెప్పు రానున్నదని తెలిసినపుడును వాని మెదడులో కలుగు స్పందనను పోల్చి చూచిరి. 2016లో వెలువడిన ఆ ఫలితము ప్రకారము 15 కుక్కలలో 13 మెప్పునకు తిండితో సమానముగనో, తిండికంటె మిన్నగనో స్పందించినవి. రెండు మాత్రము తిండివైపు మొగ్గినవి. ఆ నిష్పత్తి మన కచేరీలలో దొరకినచో ఎంత బాగుండును!

అవి విదేశీయుల పెంపుడుకుక్కలు, కడుపు నిండినవి, వానికేమి తెలియునని అనవచ్చును. సరే, కడుపు నిండని వానినే చూతము. బెంగాలులో అనిందితా భద్ర పరిశోధకబృందము వీధికుక్కలమీద పరీక్షలు జరిపి 2017లో ప్రకటించినది: ముక్కుమొగము తెలియని మనిషి పలుమారులు తిండి పెట్టినప్పటికంటె, పలుమారులు తల నిమిరినపుడే ఆ కుక్కలు అతనిని ఎక్కువ నమ్మినవి. చెత్తకుండీలు వెదకి బ్రదుకు ప్రాణి, రాయి విసరు చేయి యేదో నిమురు చేయి యేదో ప్రతిదినము గణించుకొని తిరుగు ప్రాణి, అన్నముకంటె నిమురుటను పెద్దగా ఎంచినదనగా, టీ అంగడివారి సట్టి సిద్ధాంతమునకు మిగిలిన ఆధారమేమి? మా పెద్దమనిషి కాళ్ళకడ పండుకొన్న ఆ వీధికుక్కయే, బిస్కత్తు అయిపోయినపిదపకూడ లేచిపోలేదని నాకిప్పుడు గుర్తుకువచ్చుచున్నది.

ప్రతిపక్షులకు మిక్కిలి ప్రీతియైన ఎదురుదెబ్బ యొకటి కలదు. అది జపానునుండి వచ్చినది. టోక్యో విశ్వవిద్యాలయమున వ్యవసాయశాస్త్రాచార్యుడైన ఉఏనో, 1925 మే 21న పనిచేయుచోటనే మరణించెను. ఆయన కుక్క హచికో, 1935 మార్చి 8న తాను చచ్చువరకు, షిబుయా రైలుస్టేషనుకడకు వచ్చి ఆయన దిగునేమోయని కనిపెట్టుకొని యుండెను. ఈ కథ వినినవెంటనే మన సంశయాత్ముడు చిరునవ్వు నవ్వి, "అచ్చటి అంగళ్ళవారు వేయు కాల్చిన కోడిమాంసమునకు వచ్చినది; చచ్చినపిదప దాని కడుపులో ఆ మాంసము గ్రుచ్చు పుల్లలు దొరకినవి" అనును. పుల్లలు దొరకినమాట యథార్థమే. కాని లెక్క చేయువాడు పూర్తిగా చేయవలెను. హచికో ఆచార్యుని యింట బ్రదికినది 1924 జనవరి మొదలు పదునారు మాసములు. ఎదురుచూచినది దాదాపు పదియేండ్లు. దాని గూర్చి ఒక పత్రికలో వ్రాత పడి, జనులు జాలిచూపి తిండి పెట్టసాగినది 1932లో. దానికి ముందు ఏడేండ్లు స్టేషనువారు దానిని అదలించిరి, తరిమిరి, కొట్టిరి. తన్ను కొట్టుచోటికి, కోడిమాంసము రాక ఏడేండ్లకు ముందునుండియే, కోడిమాంసము కొరకు ప్రతిదినము రైలువేళకు సరిగా వచ్చినదని చెప్పువాడు, కుక్కకు విశ్వాసము లేదనుటకై దానికి భవిష్యద్‌జ్ఞాన మంటగట్టుచున్నాడు. కాలక్రమేణ ఊపిరితిత్తులలోను గుండెలోను క్యాన్సరు పెరిగిన శరీరముతో అది నడచి వచ్చుచుండెనని తరువాతి పరీక్షలలో తేలినది; ఆ సంగతి మాత్రము పుల్లల కథ చెప్పువారు చెప్పరు.

కుక్కకథ లన్నియు నిజములని నేను ప్రమాణము చేయబోను. ఎడింబరోలో 1858లో చనిపోయిన జాన్ గ్రే యనువాని సమాధికడ పదునాలుగేండ్లు కావలియున్న బాబీ కథను, యాత్రికుల రాకవలన లాభపడిన చుట్టుపక్కలవారు పోషించిరనియు, ఒక కుక్క చచ్చిన దాని స్థానమున మరియొక కుక్కను నిలిపిరనియు యాన్ బాండెసన్ అను చరిత్రకారుడు 2011లో వాదించెను. ఆ వాదము బలమైనదే. అయిననేమి? అందు మోసము చేసినవారు మనుష్యులు. దొంగరూక చలామణియైనదనగా ఎచ్చటనో మంచిరూక కలదని యర్థము.

మన భారతమునకు వచ్చినచో, మహాప్రస్థానమున ధర్మరాజు వెంట నడచిన కుక్కను అందరును ఎరుగుదురు. స్వర్గద్వారమున అతడు దానిని విడువ ననుటయు ఎరుగుదురు. కాని ఆ కథలో ఒక చిన్న సంగతి ఎవరికిని పట్టదు. పాండవులును ద్రౌపదియు బయలుదేరునప్పటికే ఉపవాసవ్రతులు. ఉపవసించి నడచు ఆ ఆరుగురు వెంటబడిన కుక్కకు ఏమి పెట్టియుందురు? కూటికొరకే వచ్చు కుక్కయైనచో హస్తినాపురపు పొలిమేర దాటకముందే, ఇది చెడిన బేరమని గ్రహించి, ఏ వంటసాలకో మరలిపోయియుండును. ద్రౌపది కూలినది, సహదేవుడు కూలినాడు, నకులుడు, అర్జునుడు, భీముడు కూలిరి. అన్నము పెట్టని యాత్రలో ధర్మరాజుతో తుదివరకు నడచినది కుక్కయే. అది యమధర్మరాజు మారువేషమని మీరు గుర్తుచేయుదురు. ఔను, సత్యపరీక్ష చేయదలచిన దేవుడు ధరింపదగిన వేషము కొరకు సృష్టియంతయు వెదకి ఎన్నుకొన్నదేదియో గమనింపుడు.

వారు వేయు ప్రశ్నలలో గౌరవింపదగినది యొక్కటి కలదు: "యజమానుడు మారినచో కుక్క కొత్తవానికి అలవాటుపడుట లేదా?" పడును. అందరును హచికోలు కారు. కాని, వైధవ్యము పొందిన స్త్రీ మరల పెండ్లాడినచో ఆమె మొదటి భర్తను ప్రేమింపలేదనుట ఎంత అనాగరికమో, ఇదియు నంతే. కొత్త మమత పుట్టుటయనగా, మమత పుట్టు గుణము ఆ ప్రాణియందు కలదనుటయే గాని, అది లేదనుట కాదు. అన్నము పరిచయము చేయును. ఆ మాట నేను కాదనను. ఇంటికి వచ్చిన చుట్టమునకు ముందు మంచినీళ్ళిచ్చినట్లే, కుక్కకు ముందు ముద్ద పెట్టుదుము. మంచినీళ్ళకొరకే చుట్టరికము సాగుచున్నదని చెప్పువానిని మన ఊళ్ళలో ఏమందురో వ్రాయుటకు నా కలము జంకుచున్నది.

దేన్కనికోట, తళి, జవళగిరి అడవుల అంచున రాగిచేలు కంకి దేరు దినములలో ఒక రాత్రి మంచెక్రింద గడపినవారికి ఈ వాదములేవియు అక్కరలేదు. బన్నేరుగట్టవైపునుండి ఏనుగులమంద దిగునది ఆ దినములలోనే. మంచెమీద కంబళి కప్పుకొని రైతు కునుకుచుండగా, గాలి వాసనపట్టి లేచి, చీకటిలోనికి మొరగునది కుక్క. పైన మనిషికి మంచె యున్నది, టార్చిలైటున్నది, టపాకాయలున్నవి. క్రింద కుక్కకు ఉన్నది గొంతు ఒక్కటే. ఏనుగు సంగతి అట్లుండగా, ఆ అడవులలో చిరుతలున్నవి. చిరుతకు కుక్కమాంసమన్న ప్రీతి మెండు. చీకటిలో మొరగు కుక్క తానున్న చోటు తన మృత్యువునకు తానే చాటుకొనుచున్నది. కడుపునే నమ్ముకొన్న జీవి చేయవలసిన పని నోరు మూసికొని మంచెక్రింద ఒదుగుట. మాపటికి మిగిలిన సంగటిముద్దకు ప్రాణమును పణముగా ఒడ్డు వ్యాపారి హోసూరు బజారులో ఒకడైన కలడా?

కూటి లెక్కలు నిజముగా వేయునది ఎవరో హోసూరు చుట్టును తిరిగి చూచిన తెలియును. సిప్కాటు కార్ఖానాలు వచ్చిన యీ ఐదు దశాబ్దములలో రాగిచేలును పూలతోటలును లేఔట్లుగా మారినవి. భూమి అమ్మునపుడు పత్రమున బావి వ్రాయుదురు, చింతచెట్టు వ్రాయుదురు, కొబ్బరిమ్రాకులు లెక్కవేసి వ్రాయుదురు, కుక్కను వ్రాయరు. అపార్టుమెంటు నాలుగవ అంతస్తులో కుక్కకు తావులేదని, సామాను లారీకెక్కించి, అది వెంట పరుగెత్తగా వెనుదిరిగి చూడక పోవుదురు. అట్లు విడువబడిన యొకదానిని నేను కొన్నాళ్ళు గమనించితిని. ఇల్లు పడగొట్టిరి, పునాదులు త్రవ్వ వచ్చిన మేస్త్రీలు తాము తినునపుడు దానికింత పెట్టుచుండిరి, అది తిని, తోక ఊపి, వారియెడ తన కృతజ్ఞత చూపుచుండెను. చీకటి పడగానే మాత్రము, పాత ఇంటి గడప యుండినచోట, ఇప్పుడు కంకరకుప్ప యున్నచోట, పోయి పండుకొనుచుండెను. తిండి దొరకుచోటికిని అది రాత్రి గడుపుచోటికిని నడుమ నూరడుగుల దూరముండెను. ఆ నూరడుగులు నాతో వాదించువారు ఒకమారు నడచి చూడవలెను.

తుదకు మరియొక రాయిని గూర్చి చెప్పవలసియున్నది. క్రీ.శ. 949-50 నాటిది, కన్నడదేశమున మద్దూరు ప్రాంతపు ఆతకూరులో దొరకినది. రాష్ట్రకూట మూడవ కృష్ణుడు గంగరాజైన బూతుగుని తోడ్పాటుతో తక్కోలమున చోళుల నోడించిన కాలమది. ఆ పోరులో పరాక్రమించిన మణలేరుడు అను భటునకు ఏలిక మెచ్చి, కావలసినది కోరుకొమ్మనెను. ఊళ్ళు అడుగవచ్చును, బంగారము అడుగవచ్చును. అతడు కాళి యను వేటకుక్కను అడిగి తెచ్చుకొనెను. కొంతకాలమునకు ఆ కుక్కను బెల్తూరు కొండకడ ఒక మహావరాహముమీదికి విడువగా, రెండును పోరి రెండును చచ్చినవి. మణలేరుడు ఆతకూరి చల్లేశ్వరాలయము ముందర దానికి శిల నిలిపి, కుక్కయు పందియు పెనగులాడుచున్నట్లు చెక్కించి, ఆ శిలపూజకై భూమి దానమిచ్చెను. అంతటితో ఊరకుండక ఒక నియమము విధించెను: ఆ భూమి ననుభవించు గొరవడు, అనగా శైవపూజారి, ఆ శిలకు పూజ చేయక భోజనము చేసినచో పాపమున బడును.

కుక్క అన్నము కొరకు మనిషిని కొలుచునని మనవారందురు. ఇచ్చట మనిషి, కుక్కను కొలిచినగాని అన్నము ముట్టరాదు. ఆ శిల యిప్పుడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియములో ఉన్నది; హోసూరునుండి నలువది కిలోమీటర్ల దూరము. ఆ టీ అంగడి పెద్దమనిషిని ఒకనాడు అచ్చటికి పిలుచుకొని పోవలెనని యున్నది. ప్రొద్దుటి బస్సుకు బయలుదేరినచో, భోజనవేళకు ముందే చేరవచ్చును.